గల్ఫ్‌లో ముస్లింలతోపాటు రోజా (రంజాన్ ఉపవాసం) ఉండాలనుకుంటే: గోదావరి జిల్లాల నుంచి వెళ్ళేవాళ్ళకి మొదట్నుంచి చివరిదాకా

రాజోలు, మలికిపురం, నర్సాపురం, పాలకొల్లు వైపు నుంచి కువైట్‌కీ మస్కట్‌కీ దోహాకీ వెళ్ళేవాళ్ళు రంజాన్ దగ్గర పడేసరికి ఒకటే అడుగుతున్నారు. "ఇంట్లో అందరూ ఉపవాసం ఉంటే మనం ఒక్కళ్ళం వంటగది తలుపేసుకుని తినడం ఏదోలా ఉంటుందండి, మేం కూడా ఉండొచ్చా, ఉంటే ఎలా ఉండాలి?" అని. ఉండొచ్చు. హిందువులైనా క్రైస్తవులైనా ఉండొచ్చు, చాలా ఇళ్ళలో సంతోషిస్తారు కూడా. కాకపోతే కార్తీక సోమవారాలు ఉన్నాం, లెంట్ (ఈస్టర్‌కి ముందు క్రైస్తవుల ఉపవాస కాలం) ఉన్నాం, ఇదెంత అనుకుని మొదలుపెట్టినవాళ్ళు రెండో రోజుకో మూడో రోజుకో తల పట్టుకుని పడుకుంటున్నారు. మన ఉపవాసాల్లో నీళ్ళో, టీయో, పాలో, ఒక అరటిపండో ఏదో ఒకటి కడుపులో పడుతుంది. రోజాలో తెల్లవారుజాము నుంచి పొద్దుగూకే దాకా చుక్క నీళ్ళు కూడా ఉండవు.

అందుకని ఇక్కడ ఆకలి గురించి తక్కువ, నీళ్ళూ నిద్రా గురించి ఎక్కువ రాస్తున్నాను. రోజా నిలబడేదీ చెడేదీ ఆ రెండింటి దగ్గరే.

1. అసలు మీరు ఉండొచ్చో లేదో ముందు తేల్చుకోండి

ఇస్లాంలోనే జబ్బుతో ఉన్నవాళ్ళకీ, ప్రయాణంలో ఉన్నవాళ్ళకీ మినహాయింపు ఉంది. గర్భిణులూ పాలిచ్చే తల్లులూ తమకో బిడ్డకో ఇబ్బంది అనుకుంటే మానొచ్చు. నెలసరిలో ఉన్న ఆడవాళ్ళు అసలు ఉండరు. వాళ్ళకే లేని బలవంతం మీ మీద మీరు పెట్టుకోనక్కర్లేదు.

డాక్టర్‌తో మాట్లాడకుండా మొదలుపెట్టకూడనివాళ్ళు:

- ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు, షుగర్‌కి గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్ళు (పగలు షుగర్ బాగా పడిపోతుంది)
- బీపీకి నీరు తగ్గించే మాత్ర వాడేవాళ్ళు
- కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు
- కడుపులో అల్సర్ ఉన్నవాళ్ళు
- మూర్ఛకో గుండెకో రోజూ టైముకి మందు పడాల్సినవాళ్ళు

మాత్రల టైము సహరీకి (ఉపవాసానికి ముందు తెల్లవారుజామున తినే తిండి), ఇఫ్తార్‌కి (సాయంత్రం ఉపవాసం విడిచే తిండి) మార్చుకోవచ్చా, మోతాదు మార్చాలా అన్నది డాక్టరే చెప్పాలి. రూములో పక్క మంచం వాళ్ళు చెప్పింది విని మార్చుకోకండి.

ఇంకొక మాట. ఉండటం మీ ఇష్టం, ఉండకపోవడం కూడా మీ ఇష్టమే. ఇంటి పనికి వెళ్ళిన చోట "మేం తినట్లేదు కాబట్టి నీకూ పగలు అన్నం లేదు" అంటే అది రోజా కాదు, తిండి పెట్టకపోవడం. దాన్ని సర్దుకుపోవాల్సిన సంగతిగా చూడకండి, ఎంబసీకి చెప్పాల్సిన సంగతిగా చూడండి.

2. ఊళ్ళో ఉండగానే చేసుకోవాల్సినవి

టీ తగ్గించడం అన్నిటికన్నా ముఖ్యం. మొదటి రెండు మూడు రోజులు వచ్చే తలనొప్పికి ఆకలి కన్నా టీ, కాఫీ ఒక్కసారిగా ఆగిపోవడమే ఎక్కువ కారణం. రోజుకి నాలుగు టీలు తాగేవాళ్ళు రంజాన్‌కి పదిహేను రోజుల ముందు నుంచీ మూడుకి, తర్వాత రెండుకి దిగండి, చివరి వారంలో పొద్దున టీ మానేసి సాయంత్రం టీ ఒక్కటే ఉంచుకోండి. సిగరెట్, ఖైనీ అలవాటున్నవాళ్ళకీ ఇదే పద్ధతి. రోజాలో పొగ కూడా లోపలికి పోకూడదు.

తర్వాత ఒక రోజు ఇంటి దగ్గరే ఉండి చూడండి. తెల్లారగట్ల ఐదు లోపు తినేసి, సాయంత్రం పొద్దుగూకే దాకా నీళ్ళు కూడా లేకుండా. చలికాలంలో చూసుకోండి, మన డెల్టాలో మే నెల ఉక్కపోతకి కూర్చున్నచోటే ఒళ్ళు చెమటతో తడిసిపోతుంది, ఆ రోజుల్లో ఇలాంటి ప్రయోగం వద్దు. కళ్ళు తిరిగాయా, ఎన్ని గంటలకి తిరిగాయి, సాయంత్రం మూత్రం ఏ రంగులో వచ్చింది, ఇవి గుర్తుపెట్టుకోండి. మీ ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో ముస్లిం కుటుంబం తెలిసినవాళ్ళుంటే వాళ్ళనే అడగండి, ఏం తింటే మధ్యాహ్నం దాకా ఆగుతుందో వాళ్ళకన్నా బాగా చెప్పేవాళ్ళు లేరు.

ఇంట్లోవాళ్ళకీ ముందే చెప్పేయండి. ఫోన్‌లో హఠాత్తుగా "నీళ్ళు కూడా తాగట్లేదమ్మా" అంటే అమ్మకి ఇక్కడ అన్నం సహించదు, మతం మారిపోయావని చుట్టాలు ఇంకో కథ అల్లుతారు. ఇది వాళ్ళతో కలిసి ఉండటం కోసం, మన దేవుడు మనకి ఉన్నాడు అని వెళ్ళేముందే కూర్చోబెట్టి చెబితే సరిపోతుంది.

సామాన్లలో పెట్టుకోవాల్సినవి:

- రాగిపిండి, సగ్గుబియ్యం (సహరీకి జావ కాచుకోవచ్చు)
- సున్నుండలు, కొబ్బరి లౌజు (ఇఫ్తార్‌కి ఎవరింటికైనా వెళ్తే చేతిలో పట్టుకెళ్ళడానికి)
- ఓఆర్ఎస్ పొట్లాలు
- వాడే మందులు, వాటి చీటీ, డాక్టర్ సంతకంతో

పెట్టుకోకూడనిది గసగసాలు. అమ్మ మసాలాలో కలిపి ఇచ్చినా సరే తీయించేయండి. యూఏఈ, సౌదీ, ఖతార్ లాంటి చోట్ల గసగసాలు నిషేధం, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే కేసవుతుంది. నొప్పి మాత్రల్లో ట్రమడాల్, దగ్గు మందుల్లో కోడీన్ ఉన్నవి కూడా చీటీ ఉంది కదా అని పట్టుకెళ్ళకండి, ఆ దేశం నియమం ముందుగా కనుక్కోండి.

3. తేదీ, టైము

రంజాన్ చాంద్రమాన నెల, ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది, 29 రోజులు కానీ 30 కానీ ఉంటుంది. ముందు రోజు సాయంత్రం నెలవంక చూశాకే "రేపటి నుంచి" అని ప్రకటిస్తారు. అన్ని దేశాలకీ ఒకే రోజు కావాలని లేదు. 2024లో సౌదీ, యూఏఈ, కువైట్, ఖతార్‌లో మార్చి 11న మొదలైతే ఒమాన్‌లో మార్చి 12న మొదలైంది. కాబట్టి దుబాయ్‌లో ఉన్న తమ్ముడు చెప్పాడని మస్కట్‌లో మొదలుపెట్టకండి. ప్రకటన వచ్చేది చీకటి పడే వేళకి, మొదటి సహరీ ఆ రాత్రి దాటగానే. సహరీ సరుకులు రెండు రోజుల ముందే తెచ్చిపెట్టుకోవాలి.

ఇప్పుడు అందరూ తప్పు చేసే దగ్గరికి వద్దాం. సహరీ ఆఖరి టైము సూర్యోదయం కాదు. ఫజర్ అజాన్, అంటే తెల్లవారుజాము నమాజ్‌కి పిలుపు. అది సూర్యోదయానికి గంటా పావు, గంటా ఇరవై నిమిషాల ముందు వస్తుంది. బయట చీకటిగానే ఉంది కదా అని అజాన్ తర్వాత టీ తాగితే ఆ రోజు రోజా మొదలవకముందే పోయినట్టు. టైము పట్టికలో "ఇమ్సాక్" అని ఇంకో గడి కనిపిస్తే, అది ఫజర్‌కి సుమారు పది నిమిషాల ముందు, నోరు కడుక్కుని లేవడానికి పెట్టిన జాగ్రత్త టైము. మీరు ఉన్న ఊరి పట్టికే చూడండి, మసీదులోనూ బఖాలాలోనూ (చిన్న కిరాణా కొట్టు) ఇస్తారు.

ఎన్ని గంటలంటే, ఫిబ్రవరి, మార్చిలో పడిన ఏడాది గల్ఫ్‌లో పదమూడు గంటలు అటూ ఇటూ. జూన్‌లో పడితే పదిహేను దాటుతుంది. మొదటిసారి ఉండేవాళ్ళకి చలికాలపు రంజాన్ దొరికితే అదృష్టమే.

4. వాళ్ళకి చెప్పడం

దొంగచాటుగా ఉండకండి. మేడంకో, సేట్‌కో, రూమ్‌మేట్‌కో ఒక్కసారి సూటిగా చెప్పండి: "నేను ముస్లింని కాదు, మీతోపాటు రోజా ఉందామనుకుంటున్నాను, ఆరోగ్యం బాగోకపోతే ఆ రోజు మానేస్తాను." ఈ మూడు ముక్కలూ చెప్పాలి. మొదటిది చెప్పకపోతే మీరు మతంలోకి వస్తున్నారేమో అని ఆశపడతారు, ఆ తర్వాత ఇద్దరికీ ఇబ్బంది. మూడోది చెప్పకపోతే ఒక మధ్యాహ్నం నీళ్ళు తాగుతూ కనిపించినప్పుడు మీకు మొహం చెల్లదు. అరబ్బీలో అయితే మగవాళ్ళు "అనా సాయిమ్" అంటారు, ఆడవాళ్ళు "అనా సాయిమా", అంటే నేను ఉపవాసం ఉన్నాను అని. ఎవరైనా "రమదాన్ కరీం" అంటే "అల్లాహు అక్రమ్" అనొచ్చు, లేదా "రమదాన్ ముబారక్" అన్నా చాలు.

నమాజ్ చేయనక్కర్లేదు, దువా చదవనక్కర్లేదు. వాళ్ళు చేస్తున్నప్పుడు ఫోన్ సైలెంట్‌లో పెట్టి ఒక పక్కన కూర్చోండి, నమాజ్ చేసేవాళ్ళ ముందు నుంచి మాత్రం నడవకండి. మీ ప్రార్థన మీరు మీ మంచం మీద చేసుకోండి.

లెంట్ కూడా ఉండేవాళ్ళకి ఒక మాట. 2025లో రంజాన్ మార్చి 1న మొదలైతే లెంట్ మొదలయ్యే భస్మ బుధవారం మార్చి 5న వచ్చింది, అంటే రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అలాంటి ఏడాది ఇఫ్తార్‌లో మాంసం మానడం వరకు లెంట్ పెట్టుకోండి, ఇఫ్తార్ తర్వాత కూడా తినకుండా ఉండటం మాత్రం వద్దు. ఒంటికి మిగిలేది ఆ రాత్రి తిండే.

5. సహరీ

నిద్ర పాడవుతుందని సహరీ ఎగ్గొట్టి రాత్రి పన్నెండుకి తిని పడుకుంటారు కొందరు. ఇది వద్దు. పదమూడు గంటల ఉపవాసం పద్దెనిమిది అవుతుంది. ఫజర్‌కి నలభై నిమిషాల ముందు లేచి, నెమ్మదిగా తిని, మధ్యమధ్యలో నీళ్ళు తాగండి. చివరి రెండు నిమిషాల్లో లీటరు బాటిల్ ఎత్తిపట్టి తాగితే అది గంటలోనే బాత్రూమ్‌కి పోతుంది.

ఏం తినాలి? నెమ్మదిగా అరిగేవి. ముద్దపప్పు అన్నంలో కొంచెం నెయ్యి, తర్వాత పెరుగన్నం, ఒక అరటిపండు. లేకపోతే రెండు గుడ్లు, గోధుమ రొట్టె, ఒక గిన్నెడు రాగిజావ. అరబ్బు ఇళ్ళలో ఫూల్ అని ఉడికించిన గింజలతో పెడతారు, లబాన్ అనే మజ్జిగ ఇస్తారు, రెండూ బాగా ఆగుతాయి.

ఏం తినకూడదో చెబితే మనవాళ్ళకి కోపం వస్తుంది గానీ చెప్పాలి. ఆవకాయ వద్దు. ఊరుమిరపకాయలు వద్దు, అప్పడం వద్దు, ఉప్పుచేప అసలు వద్దు. ఊరి నుంచి సీసా వచ్చింది కదా అని తెల్లవారుజామున ముద్దకి నంజుకుంటే పది గంటలకల్లా నాలుక పిడచకట్టుకుపోతుంది, ఆ పైన గుక్కెడు నీళ్ళకి ఎనిమిది గంటలు ఆగాలి. ఇఫ్తార్ తర్వాత రాత్రి భోజనంలో వేసుకోండి ఎంతైనా.

సహరీ చెక్‌లిస్టు:

- అలారం రెండు ఫోన్లలో
- ఉప్పూ కారం తక్కువగా ఉన్న తిండి రాత్రే సిద్ధం
- నీళ్ళు రెండు మూడు గ్లాసులు, విడతలుగా
- మందు ఉంటే మందు
- పళ్ళు తోముకోవడం అజాన్ లోపే

సహరీ అయ్యాక ఇంటికి ఫోన్ చేయడానికి మంచి టైము దొరుకుతుంది. కువైట్, ఖతార్, సౌదీలో నాలుగైతే మనకి ఆరున్నర, దుబాయ్, మస్కట్‌లో ఐదైతే మనకి ఆరున్నర. అమ్మ వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టే వేళకి మాట్లాడేసి ఒక గంట పడుకోవచ్చు.

6. పగలు

తినడం, తాగడం, పొగ తాగడం, భార్యాభర్తల కలయిక, కావాలని వాంతి చేసుకోవడం, వీటివల్ల రోజా పోతుంది. స్నానం చేయొచ్చు. పుక్కిలించి ఉమ్మేయొచ్చు, గొంతులోకి పోకూడదు. ఉమ్మి మింగితే ఏమీ కాదు. మర్చిపోయి నోట్లో ఏదైనా వేసుకుంటే గుర్తొచ్చిన వెంటనే ఆపేసి కొనసాగించడమే, అది పోయినట్టు లెక్క కాదు. షుగర్ చూసుకోవడానికి వేలు గుచ్చుకున్నా పోదు.

వంటపనిలో ఉన్నవాళ్ళు ఎక్కువగా అడిగేది ఉప్పు చూడటం గురించి. అవసరమైతే నాలుక కొసకి తగిలించి ఉమ్మేసి నోరు కడుక్కోవచ్చని చాలామంది పండితులు చెబుతారు. అయినా ఇంట్లో పెద్దావిడని ఒకసారి అడగండి, "నువ్వు చూడకు, పిల్లలతో చూపిద్దాం" అనే ఇళ్ళూ ఉన్నాయి.

పనివేళల సంగతి తెలుసుకోండి. యూఏఈలో ప్రైవేటు కంపెనీల్లో ఉపవాసం ఉన్నా లేకపోయినా రోజుకి రెండు గంటల పని తగ్గుతుంది. సౌదీలో రోజుకి ఆరు గంటల పరిమితి ముస్లిం ఉద్యోగులకే, మీరు రోజా ఉన్నా మీకు చట్టప్రకారం రాకపోవచ్చు, కంపెనీని అడగండి. ఇళ్ళలో చేసేవాళ్ళకి మాత్రం పని తగ్గదు, పెరుగుతుంది. మధ్యాహ్నం నుంచి హరీస్, సంబూసా (సమోసా), షోర్బా (సూప్), లుగైమాత్ (తీపి బూరెల్లాంటివి) వండటం, ఆ తర్వాత చుట్టాలు, ఆ తర్వాత గిన్నెలు, మళ్ళీ తెల్లవారుజామున సహరీ. కువైట్‌లో 2015 నాటి 68వ నంబరు చట్టం ఇంటి పనివాళ్ళకి రోజుకి పన్నెండు గంటలే పని అనీ, వారానికో సెలవు ఉండాలనీ చెబుతుంది. పగలు పదింటి నుంచో రెండింటి నుంచో ఒక రెండు గంటల నిద్ర ఎక్కడ దొరుకుతుందో మొదటి రోజే మేడంతో మాట్లాడి ఖాయం చేసుకోండి. ఆ నిద్ర దొరక్కపోతే రోజూ ఉండకండి, సెలవు రోజు ఒక్కటీ ఉండండి.

బయట ఎండలో పనిచేసేవాళ్ళకీ, క్రేన్ ఎక్కేవాళ్ళకీ, పెద్ద బండి నడిపేవాళ్ళకీ నేను చెప్పేది గట్టిగానే. డ్యూటీ రోజున వద్దు. సెలవు రోజున ఉండండి. కార్లు నడిపే డ్రైవర్లయితే ఇఫ్తార్‌కి ముందు అరగంటలో రోడ్డు మీద ఉండకుండా చూసుకోండి, ఆ టైములో అందరూ ఇంటికి చేరాలన్న తొందరలో నడుపుతారు.

రోజా లేని రోజుల్లో కూడా బయట అందరి ముందూ తినొద్దు. కువైట్‌లో 1968 నాటి 44వ నంబరు చట్టం ప్రకారం రంజాన్ పగటిపూట బహిరంగంగా తింటే వంద దీనార్ల దాకా జరిమానా, నెల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. కారులో కూర్చుని తాగినా బయట తాగినట్టే చూస్తారు. గదిలోకో ప్యాంట్రీలోకో వెళ్ళి తినండి.

7. ఇఫ్తార్

సూర్యాస్తమయానికి మగ్రిబ్ అజాన్ వినిపించాకే. కువైట్‌లో నాయిఫ్ ప్యాలెస్ దగ్గర ఫిరంగి పేలుస్తారు, టీవీలో చూపిస్తారు. వరుస ఇలా ఉంటుంది:

ఖర్జూరం ఒకటో మూడో, నీళ్ళు. తర్వాత వాళ్ళు మగ్రిబ్ నమాజ్‌కి లేస్తారు. ఆ పది నిమిషాలు మీకూ మంచివే, ప్లేటు ముందు పెట్టుకుని మొదలుపెట్టేయకుండా ఆగండి. తర్వాత పప్పు షోర్బా వేడిగా. ఆ తర్వాతే భోజనం. ఒకేసారి చల్లటి నీళ్ళు, విమ్టో (తీపి పానీయం), సంబూసాలు ఐదు, బిర్యానీ మీద పడితే కడుపు పట్టేసి గంటసేపు లేవలేరు.

మాంసం తిననివాళ్ళు, గొడ్డు మాంసం తిననివాళ్ళు మొహమాటపడి ప్లేటులో వదిలేయకండి, ముందే అడగండి. "హాదా లహమ్ బకర్?" అంటే ఇది గొడ్డు మాంసమా అని. "బిదూన్ లహమ్" అంటే మాంసం లేకుండా. షోర్బాలో పప్పే కనిపించినా మాంసం ఉడికించిన నీళ్ళు పోసి ఉండొచ్చు, హరీస్‌లో గోధుమతోపాటు మాంసం కలిపి మెదిపేస్తారు, చూస్తే తెలియదు.

ఎవరింటికైనా పిలిస్తే పావుగంట ముందు వెళ్ళండి, అజాన్ తర్వాత వెళ్ళకూడదు. ఆడవాళ్ళు ఒక గదిలో, మగవాళ్ళు ఒక గదిలో కూర్చునే ఇళ్ళు ఎక్కువ. చేతిలో ఖర్జూరమో, పళ్ళో, సున్నుండలో పట్టుకెళ్ళండి. గుడి ప్రసాదం మాత్రం ఇవ్వకండి. దేవుడికి నైవేద్యం పెట్టింది వాళ్ళు తినకూడదు, తెలియకుండా పెట్టడం అన్యాయం.

క్యాంపుల్లో ఉండేవాళ్ళకి మసీదు దగ్గర టెంట్లలో ఇఫ్తార్ పెడతారు, మతం అడగరు. అబుదాబి షేక్ జాయెద్ మసీదులో రోజూ వేలమందికి పెడతారు. ఉపవాసం లేకపోయినా ఉన్నామని చెప్పే అవసరం అక్కడ ఎవరికీ లేదు.

8. రాత్రి

ఇఫ్తార్ నుంచి సహరీ లోపు రెండు, రెండున్నర లీటర్ల నీళ్ళు గంటకో గ్లాసు చొప్పున. టీ ఒకటి, అదీ తొమ్మిదిలోపు. ఇషా (రాత్రి నమాజ్) తర్వాత వాళ్ళు తరావీహ్ నమాజ్‌కి వెళ్తారు, తర్వాత గబ్గా అని అర్ధరాత్రి విందులు ఉంటాయి. రోజూ వెళ్ళకండి, వారానికొకటి చాలు. పొద్దున డ్యూటీ ఉన్నవాళ్ళకి పదిన్నరకి మంచం ఎక్కడమే సగం రోజా.

9. తరచూ వచ్చే ఇబ్బందులు, సరిచేసుకోవడం

తలనొప్పి మొదటి మూడు రోజుల్లో వస్తే టీ వల్ల, ఆగుతుంది. వారం తర్వాత వస్తే నీళ్ళు చాలట్లేదు లేదా నిద్ర చాలట్లేదు.

గుండెల్లో మంట వస్తే ఇఫ్తార్‌లో నూనె సరుకు ఆపేసి చూడండి, తినగానే పడుకోవద్దు.

మలబద్ధకం చాలామందికి వస్తుంది. బొప్పాయి, ఖర్జూరం, రాత్రి కూరలో ఆకుకూర.

కాళ్ళు పట్టేయడం చెమట పనివాళ్ళకి. ఇఫ్తార్ తర్వాత ఒక ఓఆర్ఎస్, అరటిపండు.

చిరాకు, అరుపులు కూడా ఇబ్బందే. నాలుగు నుంచి ఆరు మధ్య రూములో గొడవలు ఎక్కువ. డబ్బుల లెక్కలు, ఇంటి తగాదాల ఫోన్లు ఆ టైములో పెట్టుకోకండి. మాట తూలడం రోజా విలువ తగ్గిస్తుందని వాళ్ళూ నమ్ముతారు.

10. వెంటనే ఆపేయాల్సినప్పుడు

- కళ్ళు తిరిగి నిలబడలేకపోతే, మాట తడబడితే
- ఛాతీలో నొప్పి
- ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోతే, లేదా బాగా ముదురు రంగులో వస్తే
- షుగర్ 70 కన్నా తగ్గినా, 300 దాటినా
- వాంతులు, విరేచనాలు

ఇఫ్తార్‌కి పది నిమిషాలే ఉందని ఆగకండి. నీళ్ళు తాగండి, ఎవరినైనా పిలవండి. షుగర్ పడిపోయినవాళ్ళు ముందు పంచదార నీళ్ళో జ్యూసో తాగాలి. ఆ సాయంత్రం ఇఫ్తార్‌కి మాత్రం వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చోండి. మీరు మధ్యాహ్నం నీళ్ళు తాగారన్నది వాళ్ళకి పట్టదు, మీరు రాకపోతే పడుతుంది.

11. చివరి పది రోజులు, ఈద్

చివరి పది రాత్రులు నమాజులు అర్ధరాత్రి దాటాక కూడా ఉంటాయి, ఇల్లంతా మేలుకునే ఉంటుంది. అలసట అంతా అప్పుడే బయటపడుతుంది. అన్నీ ఉండాలని పట్టుపట్టకుండా రోజు విడిచి రోజు ఉండటానికి ఇదే సమయం.

ఈద్ కూడా నెలవంక చూశాకే తెలుస్తుంది, 29వ రోజు సాయంత్రం ఫోన్ దగ్గర పెట్టుకోండి. ఈద్ రోజు ఉపవాసం ఉండకూడదు, వాళ్ళు పొద్దున నమాజ్‌కి వెళ్ళేముందే ఖర్జూరం తింటారు, మీరూ తినండి. "ఈద్ ముబారక్" చెప్పండి. పొద్దున టిఫిన్ చిన్నగా, మధ్యాహ్నం మామూలుగా, పెద్ద విందు ఉంటే సాయంత్రానికి వాయిదా వేసుకోండి, నెల రోజులు పగలు ఖాళీగా ఉన్న కడుపు మొదటి రోజే మాచ్‌బూస్ (మాంసం కలిపి వండే అన్నం) రెండు ప్లేట్లు పట్టదు. మాత్రలు వాడేవాళ్ళు ఆ రోజు నుంచే పాత టైముకి ఎలా మారాలో డాక్టర్‌ని ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి.